బ్రిటన్‌లో బాయిలర్ మార్చేవారు గ్యాస్ ఇంజినీర్ కార్డు వెనకవైపు ఎందుకు చూడాలి?

బ్రిటన్‌లో పాత ఇల్లు కొనుక్కున్న కుటుంబానికి ఏదో ఒక చలికాలంలో ఈ రోజు వస్తుంది. ఉదయాన్నే కుళాయి తిప్పితే వేడినీళ్లు రావు. గదుల్ని వేడిచేసే రేడియేటర్లు చల్లగా ఉంటాయి. గ్యాస్‌తో నీళ్లు వేడిచేసి కుళాయిలకూ రేడియేటర్లకూ పంపే బాయిలర్ వంటగది అల్మరాలో ఉంటుంది, దాని తెర మీద ఏదో ఎర్రర్ కోడ్ మెరుస్తుంటుంది. ఇంట్లో చిన్నపిల్లలో, ఆరునెలలు ఉండి వెళ్దామని ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలో ఉంటే ఆ టెన్షన్ ఇంకా ఎక్కువ. ఆ తొందరలో ఎవరు ముందు వస్తానంటే వాళ్లకే పని అప్పగిస్తారు. ఏ కంపెనీ బాయిలర్ మంచిది, వారంటీ ఎన్నేళ్లు, ఎంత తగ్గిస్తారు అన్నవాటి మీదే మాటలు నడుస్తాయి. బిగించబోయే మనిషి గురించి అడిగేవాళ్లు తక్కువ.

అసలు తేడా వచ్చేది అక్కడే. పేరున్న కంపెనీల బాయిలర్లు ఏవి తీసుకున్నా లోపలి పనితీరు దాదాపు ఒకేలా ఉంటుంది. పదిహేనేళ్లు నడవాల్సిన బాయిలర్ అయిదేళ్లకే మొరాయించడానికి, గ్యాస్ బిల్లు తగ్గకపోవడానికి, అన్నిటికన్నా ముఖ్యంగా ఇంట్లోవాళ్ల ప్రాణం మీదికి రావడానికి కారణాలు వెతికితే, చాలాసార్లు అవి బిగించిన రోజు దగ్గరికే వెళ్తాయి. ఆ రోజు కొలవాల్సింది కొలవకపోవడం, కడగాల్సింది కడగకపోవడం, రాయాల్సింది రాయకపోవడం.

తెలుగువాళ్లకు ఇక్కడ ఒక మాట తికమక పెడుతుంది. మన దగ్గర ఇంజినీర్ అంటే కాలేజీలో నాలుగేళ్లు చదివి పట్టా తీసుకున్నవాళ్లు. గ్యాస్ పొయ్యి బాగుచేసేవాళ్లను మెకానిక్ అంటాం. బ్రిటన్‌లో స్పానర్ల పెట్టె పట్టుకుని వచ్చే మనిషినే గ్యాస్ ఇంజినీర్ అంటారు. పైగా ఆ దేశంలో ‘ఇంజినీర్’ అన్న మాటను ఎవరు వాడుకోవాలో చట్టం కట్టడి చేయలేదు. ఎవరైనా వ్యాన్ మీద ‘హీటింగ్ ఇంజినీర్’ అని రాయించుకుని తిరగవచ్చు. డబ్బు తీసుకుని గ్యాస్ పని చేయడానికి మాత్రం చట్టం ఒప్పుకునే అర్హత ఒక్కటే, గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో నమోదు. అది లేకుండా పని చేయడం నేరం. ఆరోగ్య భద్రతా సంస్థ హెచ్ఎస్ఈ ఇలాంటివాళ్ల మీద కేసులు పెడుతుంది, జైలుశిక్షలూ పడ్డాయి.

ఈ రిజిస్టర్ వెనక ఒక విషాదం ఉంది. 1968 మే 16న తూర్పు లండన్‌లోని రోనన్ పాయింట్ అనే 22 అంతస్తుల భవనంలో, 18వ అంతస్తు ఫ్లాట్‌లో తెల్లవారుజామున టీ పెట్టుకోవడానికి అగ్గిపుల్ల గీయగానే పేలుడు జరిగింది. గోడలు ఎగిరిపోయి, ఆ మూలనున్న అంతస్తులన్నీ ఒకదాని మీద ఒకటి కూలాయి. నలుగురు చనిపోయారు. ఆ భవనంలో జనం కాపురాలు పెట్టి దాదాపు రెండు నెలలే అయింది. విచారణలో తేలిందేమిటంటే, పొయ్యికి గ్యాస్ గొట్టాన్ని కలిపే ఇత్తడి నట్టు నాసిరకానిది. ఆ నట్టు విరిగి గ్యాస్ కారింది. భవనం కట్టుబడిలోనూ లోపాలు బయటపడ్డాయి, కానీ మొదలు మాత్రం అరచేతిలో పట్టే ఆ నట్టే. దరిమిలా 1970లో గ్యాస్ పనివాళ్ల నమోదు కోసం కోర్గీ అనే సంస్థ ఏర్పడింది. మొదట ఇష్టమున్నవాళ్లే చేరేవారు. 1991 నుంచి నమోదు తప్పనిసరి అయింది. 2009 ఏప్రిల్ 1 నుంచి ఇంగ్లండ్, వేల్స్, స్కాట్లండ్‌లలో కోర్గీ స్థానంలో గ్యాస్ సేఫ్ రిజిస్టర్ వచ్చింది, ఏడాది తర్వాత ఉత్తర ఐర్లండ్‌కూ వర్తించింది. ఇప్పటికీ కొందరు ‘కోర్గీ రిజిస్టర్డ్’ అని ప్రకటనలు వేసుకుంటారు. ఆ మాటకు చట్టం దృష్టిలో విలువ పోయి చాలా ఏళ్లయింది.

రిజిస్టర్‌లో ఉన్న ప్రతి మనిషికీ ఫొటో ఉన్న కార్డు ఉంటుంది. ముందువైపు పేరు, పనిచేసే సంస్థ పేరు, ఏడు అంకెల లైసెన్స్ నంబరు, గడువు తేదీ ఉంటాయి. చాలామంది ఇంతవరకే చూసి తిరిగి ఇచ్చేస్తారు. చూడాల్సింది వెనకవైపు. ఆ మనిషి ఏయే పరికరాల మీద పని చేయడానికి పరీక్ష పాసయ్యారో అక్కడ రాసి ఉంటుంది. గ్యాస్ పొయ్యి బిగించడానికి అర్హత ఉన్నంత మాత్రాన బాయిలర్ ముట్టుకునే అర్హత రాదు. పైపు ద్వారా వచ్చే సహజవాయువుకు అర్హత ఉన్నా, సిలిండర్ గ్యాస్‌కు ఉండకపోవచ్చు. ఈ పరీక్షలు ఒకసారి రాసి ఊరుకునేవి కావు, అయిదేళ్లకోసారి మళ్లీ రాయాలి. కార్డు మీది నంబరును గ్యాస్ సేఫ్ వెబ్‌సైట్‌లో కొడితే ఆ మనిషి ఫొటో, అర్హతలు కనిపిస్తాయి. రెండు నిమిషాల పని.

ఇందులో ఇంకో మెలిక ఉంది. పెద్ద సంస్థ అయితే ముందు ఇల్లు చూడటానికి వచ్చేది అమ్మకాల మనిషి. ధర మాట్లాడేది ఇంకొకరు. చివరికి బాయిలర్ మోసుకొచ్చేది వేరే కాంట్రాక్టు మనిషి. సంస్థ నమోదై ఉంది కదా అని ఊరుకోకూడదు. గ్యాస్ గొట్టం మీద చెయ్యి వేసే మనిషి కార్డు ఆ రోజు గుమ్మం దగ్గరే చూడాలి. అడగడానికి మొహమాటపడేవాళ్లు ఉంటారు, ఇంటికొచ్చిన మనిషిని అనుమానిస్తున్నట్టు ఉంటుందేమోనని. సరైన ఇంజినీర్ ఎవరూ దీనికి నొచ్చుకోరు. చాలామంది అడగకముందే చూపిస్తారు.

తెలిసినవాళ్ల ద్వారా పని చేయించుకోవడం మనవాళ్ల అలవాటు. వాట్సాప్ గ్రూపులో ‘మంచి బాయిలర్ మనిషి ఎవరైనా ఉన్నారా’ అని అడిగితే పది నంబర్లు వస్తాయి. అందులో తప్పేమీ లేదు, నిజానికి పక్కింటివాళ్ల అనుభవం ప్రకటన కన్నా నమ్మదగింది. కానీ ‘మా ఇంట్లో బాత్రూమ్ పని చేశాడు, బాయిలర్ కూడా చేస్తాడట’ అన్నప్పుడే జాగ్రత్తపడాలి. నీళ్ల గొట్టాల పని వేరు, గ్యాస్ పని వేరు. డబ్బు తీసుకోకుండా స్నేహితుడు చేసినా, ఆ పని చేయగల సామర్థ్యం ఉన్నవాళ్లే చేయాలన్నది 1998 నాటి గ్యాస్ భద్రతా నిబంధనల మొదటి షరతు.

ముందు మార్చాలా, బాగుచేయాలా?

పాడైన ప్రతి బాయిలర్‌నూ మార్చనక్కర్లేదు. బాయిలర్ మీది ప్రెషర్ గడియారం ఒకటి, ఒకటిన్నర బార్ మధ్య ఉండాలి. అది సున్నాకు పడిపోతే చాలా బాయిలర్లు వాటంతట అవే ఆగిపోతాయి. మాన్యువల్‌లో చెప్పినట్టు నీళ్లు నింపితే మళ్లీ నడుస్తాయి. మళ్లీమళ్లీ పడుతుంటే ఎక్కడో కారుతోందని, లేదా వేడికి నీళ్లు వ్యాకోచిస్తే చోటిచ్చే లోపలి ఎక్స్‌పాన్షన్ వెసెల్‌లో గాలి తగ్గిందని అర్థం. రెండూ బాగుచేయగలిగినవే. ఫ్యాన్, వేడినీళ్లకూ రేడియేటర్లకూ మధ్య దారి మళ్లించే వాల్వు, సర్క్యూట్ బోర్డు లాంటివి మార్చుకోవచ్చు. మంట వేడిని నీళ్లకు అందించే ప్రధాన హీట్ ఎక్స్‌ఛేంజర్ పగిలినప్పుడు, లేదా విడిభాగాలు దొరకనంత పాతబడినప్పుడు కొత్తది కొనడమే మేలు. సాధారణంగా బాయిలర్ ఆయుష్షు పది నుంచి పదిహేనేళ్లు.

వచ్చిన ఇంజినీర్ బాయిలర్ మీద ప్రమాద హెచ్చరిక చీటీ అంటించి వెళ్తే దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఆ చీటీలు రెండు రకాలు. ఒకటి తక్షణ ప్రమాదం ఉందని, రెండోది మున్ముందు ప్రమాదం రావచ్చని. అమ్మకం కోసం భయపెడుతున్నారని అనుమానమొస్తే ఇంకో నమోదైన ఇంజినీర్‌తో చూపించుకోవచ్చు, చూపించుకోవాలి కూడా. అప్పటిదాకా మాత్రం దాన్ని వెలిగించకూడదు. రెండు రోజులు ఎలక్ట్రిక్ హీటరుతో సర్దుకోవడం కష్టమే అయినా అంతకుమించి దారి లేదు.

కొత్తది కొనాల్సి వస్తే, గ్యాస్ బాయిలరే కావాలా అన్న ప్రశ్న కూడా ఈ రోజుల్లో వస్తుంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో గాలి నుంచి వేడి లాగే హీట్ పంప్ పెట్టుకుంటే ప్రభుత్వం బాయిలర్ అప్‌గ్రేడ్ స్కీమ్ కింద 7,500 పౌండ్ల సాయం ఇస్తోంది. అది వేరే లెక్క, వేరే అర్హత ఉన్న మనుషులు చేసే పని. చలికాలం నడుమ బాయిలర్ ఆగిపోయిన ఇంటికి అంత ఆలోచించే తీరిక ఉండదు. పాతది ఇంకా నడుస్తుండగానే, ఎండాకాలంలో ఆలోచించుకుంటే రెండు దారులూ తెరిచి ఉంటాయి.

చూడటానికి వచ్చిన మనిషి ఏం కొలుస్తున్నారు?

పని తెలిసిన ఇంజినీర్‌ను ఇల్లు చూడటానికి వచ్చినప్పుడే పోల్చుకోవచ్చు. బాయిలర్ వైపు ఒకసారి చూసి, రేడియేటర్లు లెక్కపెట్టి, ధర చెప్పి వెళ్లిపోయేవాళ్లు ఉంటారు. ఇంకొందరు గ్యాస్ మీటర్ ఎక్కడుందని అడుగుతారు. అక్కడి నుంచి బాయిలర్ దాకా గొట్టం ఎంత లావు ఉంది, ఎన్ని వంపులు తిరిగింది చూస్తారు. వంటగది కుళాయి కింద గిన్నె పెట్టి నిమిషానికి ఎన్ని లీటర్ల నీళ్లు వస్తున్నాయో కొలుస్తారు. ఇంట్లో ఎంతమంది, స్నానాలగదులు ఎన్ని, పొద్దున్నే ఒకేసారి ఎంతమంది స్నానం చేస్తారు అని అడుగుతారు. రెండో రకం మనిషి అరగంట ఎక్కువ తీసుకుంటే ఆ అరగంటకు డబ్బు ఇచ్చినా నష్టం లేదు.

ఎందుకో ఒక లెక్కతో చూడవచ్చు. బ్రిటన్ ఇళ్లలో ఎక్కువగా కనిపించేది కాంబీ బాయిలర్. అంటే నీళ్లు నిల్వ చేసే ట్యాంకు ఉండదు, కుళాయి తిప్పగానే అప్పటికప్పుడు వేడిచేసి ఇస్తుంది. 24 కిలోవాట్ల కాంబీ, నీటి వేడిని 35 డిగ్రీలు పెంచాలంటే నిమిషానికి సుమారు 10 లీటర్లు ఇవ్వగలదు. 30 కిలోవాట్లది 12 లీటర్ల పైన ఇస్తుంది. ఒక షవర్‌కు ఇది సరిపోతుంది. రెండు బాత్రూముల్లో ఒకేసారి స్నానాలు మొదలైతే రెండూ సన్నబడతాయి. సరే, ఇంకా పెద్ద బాయిలర్ తీసుకుంటే పోతుంది కదా అనిపిస్తుంది. వీధి పైపు నుంచి ఇంటికి వచ్చే నీళ్లే నిమిషానికి 9 లీటర్లయితే ఎంత పెద్ద కాంబీ పెట్టినా 9 లీటర్లే వస్తాయి. ఆరేడుగురు ఉండే ఇంటికి, అమ్మానాన్నలు ఏటా వచ్చి ఆరు నెలలుండే ఇంటికి, వేడినీళ్లు నిల్వ చేసే ట్యాంకు (సిలిండర్)తో నడిచే సిస్టమ్ బాయిలర్ మేలేమో కూడా చూడాలి. గిన్నె పెట్టి నీళ్లు కొలవని మనిషికి ఈ సంగతి తెలిసే అవకాశమే లేదు.

గ్యాస్ గొట్టం సంగతి ఇంతకన్నా ముఖ్యం. పాత బాయిలర్‌కు సరిపోయిన 15 మిల్లీమీటర్ల రాగి గొట్టం కొత్త కాంబీకి చాలకపోవచ్చు, ఎందుకంటే నీళ్లు వేడిచేసేటప్పుడు కాంబీ ఒక్కసారిగా ఎక్కువ గ్యాస్ లాగుతుంది. మీటర్ దగ్గర గ్యాస్ ఒత్తిడి సుమారు 21 మిల్లీబార్లు ఉంటుంది. మీటర్ నుంచి బాయిలర్ దాకా వెళ్లేసరికి అందులో ఒక మిల్లీబార్ కన్నా ఎక్కువ తగ్గకూడదన్నది ప్రమాణం. దూరం ఎక్కువైతే 22 మిల్లీమీటర్ల గొట్టం, ఒక్కోసారి ఇంకా లావుది వేయాలి. అంటే నేల పలకలు లేపాలి, గోడల్లో కొత్తదారి తీయాలి. ఒక కొటేషన్ మిగతావాటికన్నా అయిదారు వందల పౌండ్లు తక్కువగా ఉంటే మొదట అడగాల్సిన ప్రశ్న ఇదే, గ్యాస్ గొట్టం మార్పు ఇందులో ఉందా లేదా అని.

కొటేషన్‌లో కనిపించకుండా పోయే ఇంకో పని పాత రేడియేటర్లను కడగడం. ఏళ్ల తరబడి ఇనుప రేడియేటర్లలో తిరిగిన నీళ్లు నల్లటి బురదలా మారతాయి. అది తుప్పు, ముట్టుకుంటే చేతికి సిరాలా అంటుకుంటుంది. దాన్ని అలాగే ఉంచి కొత్త బాయిలర్ తగిలిస్తే ఆ బురదంతా బాయిలర్ లోపలి సన్నటి దారుల్లోకి చేరుతుంది. బీఎస్ 7593 ప్రమాణం ప్రకారం వ్యవస్థను కడగాలి, తుప్పు ఆపే మందు కలపాలి, ఫిల్టర్ పెట్టాలి. సాధారణంగా పెట్టేది అయస్కాంతం ఉన్న ఫిల్టరే. ఇవి చేయలేదని తేలితే తయారీ కంపెనీ వారంటీ ఇవ్వనంటుంది. పదేళ్ల వారంటీ అని పెద్ద అక్షరాలతో రాసిన కాగితం ఆ రోజు పనికిరాదు.

ఇంకో చిన్న గొట్టం గురించి కూడా చెప్పాలి. 2005 ఏప్రిల్ నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లలో కొత్తగా పెట్టే గ్యాస్ బాయిలర్లు, అరుదైన మినహాయింపులు తప్ప, కండెన్సింగ్ రకానివే. పొగలోని ఆవిరిని మళ్లీ నీరుగా మార్చి ఆ వేడిని కూడా వాడుకుంటాయి. అందువల్ల కొంచెం ఆమ్లగుణం ఉన్న నీళ్లు నిరంతరం కారుతుంటాయి. వాటిని బయటికి పంపే సన్నటి ప్లాస్టిక్ గొట్టం గోడ అవతల ఉంటే గట్టి చలికి గడ్డకడుతుంది, బాయిలర్ ఆగిపోతుంది. 2010 డిసెంబరు చలికి బ్రిటన్‌లో వేలాది ఇళ్లలో జరిగింది ఇదే. సాధ్యమైనంత వరకూ ఆ గొట్టాన్ని ఇంటి లోపలి డ్రెయిన్‌కే కలపాలి. బయట వేయక తప్పకపోతే 32 మిల్లీమీటర్ల లావు గొట్టం వేసి, చలి తగలకుండా చుట్టాలి. వీలైనంత పొట్టిగా, వాలుగా ఉండాలి.

పొగగొట్టం దగ్గర రాజీ లేదు

గ్యాస్ వాసన గురించి మనవాళ్లకు తెలుసు. సిలిండర్ గ్యాస్‌కైనా, పైపు గ్యాస్‌కైనా కారితే తెలియాలని ఘాటు వాసన కలుపుతారు. అయితే బాయిలర్ వల్ల వచ్చే పెద్ద ముప్పు వాసన ఉన్న గ్యాస్ నుంచి కాదు. గ్యాస్ సరిగ్గా మండనప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడ్ నుంచి. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వాంతి వచ్చినట్టుండటం, కళ్లు తిరగడం, నీరసం దాని లక్షణాలు. ఫ్లూ జ్వరం అనుకుని పడుకుంటారు, కాకపోతే ఒళ్లు కాలదు. బయటికెళ్తే తగ్గి, ఇంటికొస్తే మళ్లీ మొదలవుతుంది. ఇంట్లో అందరికీ ఒకేసారి వస్తుంది. చలికి కిటికీలన్నీ బిగించుకుని పడుకునే దేశంలో ఇది ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు. మన దగ్గర కిటికీ లేని బాత్రూములో గ్యాస్ గీజర్ పెట్టుకుని ప్రాణాలు పోగొట్టుకున్న కేసుల్లోనూ ఉన్నది ఈ వాయువే.

ఇప్పటి బాయిలర్లు గదిలోని గాలిని వాడుకోవు. గోడలోంచి బయటికి వెళ్లే పొగగొట్టం ఒకదానిలో ఒకటి దూర్చిన రెండు గొట్టాలుగా ఉంటుంది. లోపలి దానిలోంచి పొగ బయటికి పోతుంది, బయటి దానిలోంచి స్వచ్ఛమైన గాలి లోపలికి వస్తుంది. అతుకు దగ్గర రబ్బరు రింగు జారిపోతే, లేదా గొట్టం కొంచెం పొట్టిగా కోస్తే, పోవాల్సిన పొగ వచ్చే గాలిలో కలుస్తుంది. మంట చెడుతుంది. బయటికి చూడటానికి అంతా బాగానే ఉంటుంది. అందుకే పని పూర్తయ్యాక ఇంజినీర్ ఎలక్ట్రానిక్ అనలైజర్ గొట్టాన్ని బాయిలర్ పైన ఉండే చిన్న రంధ్రంలో పెట్టి కొలవాలి. లోపలికి వచ్చే గాలిలో పొగ కలవడం లేదని ముందు చూడాలి, తర్వాత పొగలో కార్బన్ మోనాక్సైడ్‌కూ కార్బన్ డయాక్సైడ్‌కూ ఉన్న నిష్పత్తి చూడాలి. సాధారణంగా అది 0.004 దాటకూడదు. ఆ అనలైజర్ చీటీ ముద్రిస్తుంది. ఆ చీటీ ఇవ్వమని అడగడానికి ఇల్లుగలవాళ్లకు గ్యాస్ శాస్త్రం తెలియనక్కర్లేదు.

అపార్ట్‌మెంట్లలో పొగగొట్టం కప్పు లోపల దాగి పోతుంటే, దాన్ని చూడటానికి అక్కడక్కడా తలుపులు ఉండాలి. 2013 జనవరి నుంచి ఈ తలుపులు లేని చోట బాయిలర్ నడపకూడదని గ్యాస్ సేఫ్ కచ్చితంగా చెబుతోంది. ఫ్లాట్ కొనేటప్పుడు దీన్ని చూసుకోకపోతే, తర్వాత వంటగది కప్పు కోయాల్సి వస్తుంది. దానికి భవనం యజమాని అనుమతి కూడా కావాలి.

కార్బన్ మోనాక్సైడ్ అలారం గురించి ఇంత చెప్పాక కూడా ‘తర్వాత కొందాంలే’ అనుకునేవాళ్లు ఉంటే బాధ కలుగుతుంది. ఇంగ్లండ్‌లో 2022 అక్టోబరు 1 నుంచి, అద్దె ఇళ్లలో బాయిలర్ ఉన్న గదిలో ఈ అలారం పెట్టడం యజమాని బాధ్యత. సొంత ఇంట్లో కొత్త బాయిలర్ పెట్టినా బిల్డింగ్ నిబంధనలు దీన్ని అడుగుతాయి. బీఎస్ ఈఎన్ 50291 అన్న గుర్తు ఉన్నది తీసుకోవాలి. అలారం మోగినా, గ్యాస్ వాసన వచ్చినా కిటికీలు తెరిచి, బయటికి వచ్చి, 0800 111 999 నంబరుకు ఫోన్ చేయాలి. స్విచ్‌లు వేయకూడదు, తీయకూడదు. ఈ నంబరు ఫ్రిజ్ తలుపు మీద రాసి పెట్టుకోవాల్సింది.

అద్దె ఇంట్లో ఉంటే

ఏటా తెలుగు రాష్ట్రాల నుంచి చదువుకోవడానికి వెళ్లే పిల్లలు చాలామంది ఒకే ఇంట్లో అయిదుగురు, ఆరుగురు కలిసి ఉంటారు. అద్దె తక్కువని తీసుకున్న ఇల్లు, ఎప్పటిదో తెలియని బాయిలర్. వాళ్లు ఇంజినీర్‌ను పిలవాల్సిన పని లేదు, ఆ బాధ్యత పూర్తిగా ఇంటి యజమానిది. 1998 నిబంధనల్లోని 36వ నిబంధన ప్రకారం ఏటా ఒకసారి గ్యాస్ సేఫ్ ఇంజినీర్‌తో తనిఖీ చేయించాలి. తనిఖీ అయిన 28 రోజుల్లో ఆ పత్రం నకలు అద్దెకున్నవాళ్లకు ఇవ్వాలి. కొత్తగా చేరేవాళ్లకైతే ఇంట్లోకి రాకముందే ఇవ్వాలి. వాడుకలో దీన్ని ఇప్పటికీ సీపీ12 అంటారు, కోర్గీ రోజుల్లో ఆ ఫారానికి ఉన్న నంబరు అది. తాళం చేతికి తీసుకునేటప్పుడే ఆ కాగితం అడగాలి. దాని మీద తేదీ చూడాలి, ఇంజినీర్ నంబరు చూడాలి. పిల్లల్ని పంపిన తల్లిదండ్రులు ఫోన్‌లో ‘తిన్నావా’ అని అడిగేటప్పుడు ఈ కాగితం సంగతి కూడా ఒకసారి అడిగితే బాగుంటుంది.

దీనికి రెండోవైపు కూడా ఉంది. బ్రిటన్‌లో ఇల్లు కొని, ఉద్యోగం మారి హైదరాబాద్ తిరిగొచ్చి, ఆ ఇంటిని అద్దెకిచ్చినవాళ్లు ఉంటారు. వాళ్లు కూడా చట్టం దృష్టిలో ఇంటి యజమానులే. ఏజెంటు చూసుకుంటాడులే అనుకోవడానికి లేదు. ఏజెంటుతో ఒప్పందంలో ఏముందో చదువుకోవాలి, ఏటా పత్రం తమ ఈమెయిల్‌కు వస్తోందో లేదో చూసుకోవాలి.

డబ్బు, కాగితాలు

కనీసం ముగ్గురి దగ్గర కొటేషన్ తీసుకోవడం మంచిది, అది కాగితం మీద ఉండాలి. బాయిలర్ మోడల్, పొగగొట్టం, గ్యాస్ గొట్టం మార్పు, కడగడం, ఫిల్టర్, థర్మోస్టాట్, పాత బాయిలర్ తీసుకెళ్లడం, గోడకు పడిన రంధ్రం పూడ్చడం, ఇవన్నీ విడివిడిగా రాసి ఉంటేనే ఒకదానితో ఒకటి పోల్చగలం. ఫొటోలు పంపితే ఆన్‌లైన్‌లోనే ధర చెప్పే సంస్థలు ఇప్పుడు చాలా ఉన్నాయి. మామూలుగా ఉన్న చిన్న ఇంట్లో, పాత కాంబీ ఉన్నచోటే కొత్త కాంబీ పెట్టడానికైతే అది పనిచేయవచ్చు. కానీ గ్యాస్ గొట్టం నేల కింద ఎలా తిరిగిందో ఫొటోలో కనపడదు. పని రోజున వచ్చిన మనిషి ‘దీనికి అదనంగా ఇంత అవుతుంది’ అంటే ఏం చేయాలన్నది ముందే రాయించుకోవాలి.

ఇంగ్లండ్‌లో 2018 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న బాయిలర్ ప్లస్ నిబంధన ప్రకారం కొత్త గ్యాస్ బాయిలర్‌కు టైమర్, గది థర్మోస్టాట్ ఉండాలి. కాంబీ అయితే వీటికి తోడు ఇంధనం పొదుపు చేసే ఇంకో ఏర్పాటు కూడా ఉండాలి. బయటి చలిని బట్టి రేడియేటర్ నీళ్ల వేడిని మార్చే నియంత్రణ అలాంటిది, దానికదే నేర్చుకునే స్మార్ట్ థర్మోస్టాట్ ఇంకొకటి. చవక కొటేషన్లలో ఇది తరచు ఎగిరిపోతుంది. బాయిలర్ నుంచి రేడియేటర్లకు వెళ్లే నీళ్ల వేడి ఎంతకు పెట్టారో కూడా అడగాలి. తిరిగొచ్చే నీళ్లు సుమారు 55 డిగ్రీల కన్నా తక్కువ ఉంటేనే కండెన్సింగ్ వల్ల లాభం వస్తుంది. 80 డిగ్రీలకు పెట్టి వదిలేసిన కొత్త బాయిలర్ కొన్న ఖర్చుకు తగ్గ పొదుపు చూపించదు. మీట తిప్పితే మారే సంగతి ఇది, దీనికి డబ్బు కూడా అక్కర్లేదు.

మొత్తం డబ్బు ముందే ఇచ్చేయకూడదు. కొంత అడ్వాన్స్ ఇచ్చి, పని పూర్తయి కాగితాలు చేతికొచ్చాక మిగతాది ఇవ్వడం న్యాయమైన పద్ధతి. 100 పౌండ్లు దాటి 30,000 పౌండ్ల లోపు ధర ఉన్న పనికి క్రెడిట్ కార్డుతో కొంత భాగం కట్టినా, 1974 నాటి కన్స్యూమర్ క్రెడిట్ చట్టం 75వ సెక్షన్ కింద కార్డు సంస్థ కూడా బాధ్యత వహించాలి. సంస్థ మూతపడితే ఇది ఆదుకుంటుంది. ఇంటికొచ్చి సంతకం పెట్టించుకున్న ఒప్పందాన్ని సాధారణంగా 14 రోజుల్లో రద్దు చేసుకోవచ్చు. అయితే పని వెంటనే మొదలుపెట్టమని అడిగి ఉంటే అప్పటిదాకా జరిగిన పనికి డబ్బు కట్టాలి.

పని ముగిసిన రోజు బాయిలర్ మాన్యువల్‌లో ఉండే బెంచ్‌మార్క్ పట్టిక నింపి ఉందో లేదో చూడాలి. గ్యాస్ ఒత్తిడి, మంట కొలతలు, కడిగిన తేదీ, కలిపిన మందు పేరు అందులో రాస్తారు. తర్వాత వారంటీ కోసం తయారీ కంపెనీ అడిగేది ఆ పేజీనే. ఏటా సర్వీసింగ్ చేయించినప్పుడు కూడా అందులోనే రాయించాలి, ఒక్క ఏడాది తప్పినా వారంటీ పోవచ్చు.

చివరి కాగితం ఇంజినీర్ చేతి నుంచి రాదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో బాయిలర్ పెట్టిన 30 రోజుల్లో ఆ సంగతి గ్యాస్ సేఫ్ ద్వారా స్థానిక కౌన్సిల్‌కు తెలియజేయాలి. ఆ తర్వాత బిల్డింగ్ నిబంధనల పత్రం ఇంటికి వస్తుంది. ఇల్లు అమ్మేటప్పుడు కొనేవాళ్ల సొలిసిటర్, అంటే లాయరు, మొదట అడిగే కాగితాల్లో అది ఒకటి. పదేళ్ల తర్వాత, బిగించిన మనిషి ఎక్కడున్నారో తెలియనప్పుడు, దాని కోసం వెతకడం చాలా చికాకు. బాయిలర్ పెట్టి ఆరువారాలైనా ఆ పత్రం రాకపోతే ఊరుకోకూడదు. గ్యాస్ సేఫ్ వెబ్‌సైట్‌లో ఇంటి పోస్ట్‌కోడ్ కొట్టి పని నమోదైందో లేదో చూసుకోవచ్చు. నమోదు కాలేదని తేలితే బిగించిన మనిషికి ఆ రోజే ఫోన్ చేయాలి.